ఉద్యోగి పరువు, ఆఫీసు ఫిర్యాదు, కోర్టు గడువు: పరువునష్టం దావాకు సమగ్ర మార్గదర్శి

దినపత్రికల లోపలి పేజీల్లో తరచుగా ఒక చిన్న ప్రకటన కనిపిస్తుంది. పైన పాస్‌పోర్టు సైజు ఫొటో, దాని కింద ‘ఈ ఫొటోలోని వ్యక్తికి మా సంస్థతో ఎట్టి సంబంధమూ లేదు, ఇతనితో జరిపే లావాదేవీలకు మేము బాధ్యులము కాము’ అన్న రెండు ముక్కలు ఉంటాయి. అంతవరకు సంస్థ తన జాగ్రత్త తాను చూసుకుంటున్నదని అనుకోవచ్చు. అదే ప్రకటనలో ‘సొమ్ము కాజేసి పరారైన’ అన్న మాట చేరిందంటే ఆ ఫొటోలోని మనిషి ఊళ్లో తలెత్తుకు తిరగలేడు, మరో చోట ఉద్యోగం అడగలేడు. ఈ రోజుల్లో ఆ ప్రకటనే ఆఫీసు మెయిల్‌గా, వాట్సాప్ గ్రూపు సందేశంగా, కొత్త కంపెనీ చేయించే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌కు పాత కంపెనీ పంపే ఒక్క మాట జవాబుగా రూపం మార్చుకుంది.

ఇలాంటి దెబ్బ తిన్న ఉద్యోగి ముందు హెచ్‌ఆర్‌కు ఫిర్యాదు రాస్తాడు, ఆ తరువాత పైఅధికారికి రాస్తాడు, విచారణ జరిపిస్తామన్న హామీని నమ్మి ఎదురుచూస్తాడు. ‘మీ ఫిర్యాదును పరిశీలించి ముగించాము’ అన్న జవాబు ఏ పది, పన్నెండు నెలలకో చేతికి వచ్చాక న్యాయవాది గడప తొక్కేసరికి దావాకు కాలదోషం పట్టి ఉంటుంది. పరువునష్టానికి పరిహారం కోరే దావాకు భారతీయ చట్టం ఇచ్చిన గడువు ఒక్క సంవత్సరమే, ఆఫీసులో పెట్టుకున్న ఫిర్యాదు ఆ గడువును ఒక్క రోజు కూడా పొడిగించదు. ఈ మార్గదర్శిలోని మెట్లన్నీ ఈ ఒక్క విషయం చుట్టూ అమర్చినవే.

మొదటి మెట్టు: జరిగినది చట్టం దృష్టిలో పరువునష్టమేనా అని చూసుకోవడం

అవమానం జరిగిన ప్రతిసారీ పరువునష్టం జరిగినట్టు కాదు. మిమ్మల్ని గురించి తప్పుడు ఆరోపణ చేసిన మాట లేదా రాత, మీరూ అన్నవారూ కాక మూడవ మనిషికి చేరాలి. చట్టం దీనినే ప్రచురణ అంటుంది, అచ్చు వేయడంతో దీనికి సంబంధం లేదు. మేనేజరు మిమ్మల్ని గదిలోకి పిలిచి తలుపు వేసి ‘నువ్వు దొంగవు’ అంటే అది ఎంత బాధించినా సివిల్ దావాకు ఆధారం కాదు. అదే మాటను నలభై మందికి కాపీ పెట్టిన మెయిల్‌లో రాస్తే అవుతుంది. పాట్నా హైకోర్టు 1958లో తేల్చిన ఒక కేసు ఈ సూక్ష్మాన్ని చక్కగా చూపిస్తుంది. ఉర్దూ రాని ఒక వ్యక్తికి ఉర్దూలో నిందాపూర్వకమైన ఉత్తరం వచ్చింది, ఆయన దానిని వేరొకరి చేత చదివించుకున్నాడు. ఉత్తరం అందుకునే మనిషికి ఆ భాష రాదని రాసినవారికి తెలిసినట్టు రుజువు కానందున అది ప్రచురణ కాదని న్యాయస్థానం తేల్చింది. కాబట్టి మూసిన కవరులో మీ పేరిట వచ్చిన మెమోను మీరే పదిమందికి చూపించి, ఆనక పరువు పోయిందంటే కుదరదు.

‘పనితీరు ఆశించినంతగా లేదు’, ‘బృందంతో కలిసి పనిచేయలేదు’ అన్న అప్రైజల్ వ్యాఖ్యలు అభిప్రాయాలు గనుక వాటి మీద దావా నిలవడం కష్టం. ‘నకిలీ సర్టిఫికెట్లతో చేరాడు’, ‘సరఫరాదారుల దగ్గర డబ్బు తీసుకున్నాడు’, ‘కంపెనీ డేటా అమ్ముకున్నాడు’ అన్నవి నిజానిజాలు తేల్చదగిన ఆరోపణలు. హైదరాబాదు ఐటీ కంపెనీల్లో విరివిగా వినిపించే ‘అబ్‌స్కాండింగ్’ (చెప్పాపెట్టకుండా ఉద్యోగం మానేసి పోయాడు) అన్న ముద్ర ఈ రెండింటికీ మధ్యన ఉంటుంది. రాజీనామా మెయిలూ, నోటీసు పీరియడ్ పనిచేసిన హాజరు వివరాలూ చేతిలో ఉన్న ఉద్యోగిపై ఆ ముద్ర వేసి వెరిఫికేషన్ సంస్థకు పంపితే అది తప్పుడు వాస్తవం అవుతుంది. చెప్పకుండా మానేసిన ఉద్యోగి విషయంలో అది నిజమే అవుతుంది, సివిల్ దావాలో నిజం సంపూర్ణమైన రక్షణ.

యజమానికి ఉన్న రక్షణలను కూడా ముందే తూచుకోవాలి, ఎక్కువ దావాలు బోల్తా కొట్టేది ఇక్కడే. షోకాజ్ నోటీసు, ఛార్జ్ మెమో, విచారణాధికారి నివేదిక వంటివి సంబంధం ఉన్నవారి మధ్య, విధి నిర్వహణలో భాగంగా నడిచే రాతలు. దురుద్దేశం రుజువైతే తప్ప వాటికి రక్షణ ఉంటుంది. క్రిమినల్ చట్టంలో కూడా పరువునష్టం నిర్వచనానికి పది మినహాయింపులు ఉన్నాయి. వాటిలో ఏడవది తన కింది వ్యక్తిని అధికారం ఉన్నవాడు సదుద్దేశంతో మందలించడం, ఎనిమిదవది అధికారం ఉన్నవారికి సదుద్దేశంతో ఫిర్యాదు చేయడం, తొమ్మిదవది తన ప్రయోజనాన్ని లేదా ఇతరుల ప్రయోజనాన్ని కాపాడటానికి సదుద్దేశంతో ఆరోపించడం. ఎనిమిదవ మినహాయింపు మీకు కూడా పనికివస్తుందని గుర్తుపెట్టుకోండి, దాని ప్రస్తావన కింద మళ్లీ వస్తుంది.

రెండవ మెట్టు: తేదీ రాసి పెట్టుకోవడం

ఒక కాగితం మీద ఒకే ఒక తేదీ రాయండి. కాలపరిమితి చట్టం, 1963 షెడ్యూలులోని 75వ అధికరణం ప్రకారం రాతపూర్వక పరువునష్టానికి ఆ రాత ప్రచురితమైన రోజు నుంచి ఒక సంవత్సరం, 76వ అధికరణం ప్రకారం నోటిమాటకు ఆ మాట అన్న రోజు నుంచి ఒక సంవత్సరం గడువు. ఆ మాట దానంతట అదే దావాకు చాలదనుకున్నప్పుడు మాత్రం, దాని వల్ల ప్రత్యేక నష్టం, అంటే ఆఫర్ పోవడం లాంటి లెక్క చూపగల నష్టం, కలిగిన రోజు నుంచి లెక్క మొదలవుతుంది.

‘ప్రచురితమైన రోజు’ అన్న మాటను రెండుసార్లు చదవండి. మీకు తెలిసిన రోజు నుంచి అని చట్టం చెప్పలేదు. పాత కంపెనీ ఫిబ్రవరిలో వెరిఫికేషన్ సంస్థకు పంపిన తప్పుడు నివేదిక సంగతి మీకు నవంబరులో తెలిసిందనుకోండి, మీ చేతిలో మిగిలినవి ఇంచుమించు మూడు నెలలే. ఇది న్యాయమా అని అడిగితే కాదనే నా అభిప్రాయం. తన వెనుక ఏం రాశారో చూసే వీలే లేని ఉద్యోగిపై ఈ లెక్క మరీ కఠినంగా పడుతుంది. అయినా చట్టం ఉన్నది ఉన్నట్టు చూసుకోవాలి. దావాకు అత్యవసరమైన పత్రాన్ని ప్రతివాది మోసపూరితంగా దాచిపెట్టాడని రుజువు చేయగలిగితే అదే కాలపరిమితి చట్టంలోని 17వ సెక్షను కొంత ఆదుకుంటుంది, కానీ మీకు చెప్పకపోవడం వేరు, మోసంతో దాచడం వేరు.

లెక్కించే పద్ధతి ఇది. ప్రచురణ జరిగిన రోజును 12వ సెక్షను ప్రకారం వదిలేయాలి. 2025 మే 20న మెయిల్ వెళ్తే 2026 మే 20 ఆఖరి రోజు. ఆ రోజు కోర్టుకు సెలవైతే 4వ సెక్షను ప్రకారం కోర్టు తిరిగి తెరిచిన రోజున దాఖలు చేయవచ్చు. మన రెండు రాష్ట్రాల్లో మే నెలలో సివిల్ కోర్టులకు వేసవి సెలవులు ఉంటాయి గనుక ఈ వెసులుబాటు కొందరికి నిజంగానే అక్కరకు వస్తుంది. అయితే దానిని ముందే నమ్ముకుని కూర్చోవడం పెళ్లి ముహూర్తానికి ఆఖరి బస్సు ఎక్కడం లాంటిది. అప్పీళ్లలో ఆలస్యాన్ని మన్నించే 5వ సెక్షను దావాలకు వర్తించదు. ఎదుటిపక్షం నోరు మెదపకపోయినా గడువు దాటిన దావాను 3వ సెక్షను కింద న్యాయమూర్తే కొట్టివేయాలి.

ఇంటర్నెట్‌లో ఉండిపోయిన రాత విషయంలో చాలామంది పొరపడతారు. పోస్టు రోజూ కనిపిస్తూనే ఉంది గనుక గడువు రోజూ కొత్తగా మొదలవుతుందన్న వాదనను ఢిల్లీ హైకోర్టు 2013లో ఖవర్ బట్ కేసులో అంగీకరించలేదు, మొదట పెట్టిన రోజునే లెక్కలోకి తీసుకుంది. అదే ఆరోపణను కంపెనీ మరొకరికి మళ్లీ కొత్తగా పంపితే మాత్రం అది వేరే ప్రచురణ, దానికి వేరే సంవత్సరం. అందుకే వరుసగా జరిగిన సంఘటనలను ఒకే కథగా కలపకుండా ఒక్కొక్కదానికి విడివిడిగా తేదీ వేసుకోవాలి.

మూడవ మెట్టు: గడువును ఆపనివేవో తెలుసుకోవడం

హెచ్‌ఆర్ ఫిర్యాదు ఆపదు. ఫిర్యాదుల పరిష్కార కమిటీ ముందు విచారణ ఆపదు. కార్మిక శాఖ అధికారి దగ్గర జరిగే రాజీ చర్చలు ఆపవు. పోలీసు స్టేషనులో ఇచ్చిన దరఖాస్తు ఆపదు. న్యాయవాది చేత పంపించిన నోటీసు, దానికి ఎదుటివారు అడిగిన వాయిదా, ‘వచ్చే బోర్డు మీటింగులో క్షమాపణ చెప్పిస్తాం’ అన్న మాట, ఇవేవీ ఆపవు.

ఆపేవి కొద్దే. ప్రభుత్వం మీద, లేదా అధికార హోదాలో చేసిన పనికి ప్రభుత్వోద్యోగి మీద దావా వేయాలంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షను కింద రెండు నెలల ముందస్తు నోటీసు తప్పనిసరి. ఆ నోటీసు కాలాన్ని కాలపరిమితి చట్టం 15వ సెక్షను లెక్క నుంచి తీసివేస్తుంది. పొరపాటున అధికార పరిధి లేని కోర్టులో సదుద్దేశంతో, శ్రద్ధగా నడిపిన కాలాన్ని అదే చట్టం 14వ సెక్షను మినహాయిస్తుంది, కానీ ఆఫీసు కమిటీ కోర్టు కాదు గనుక దాని ముందు గడిపిన కాలానికి ఇది వర్తించదు.

అదే చట్టంలో అంతగా ఎవరూ పట్టించుకోని 21వ సెక్షను ఒకటి ఉంది. మొదట కంపెనీ ఒక్కదాని మీదే దావా వేసి, ఏడాది దాటాక ఆ మెయిల్ రాసిన మేనేజరును ప్రతివాదిగా చేర్చితే, అతని మటుకు దావా చేర్చిన రోజునే వేసినట్టు లెక్క. సదుద్దేశంతో జరిగిన పొరపాటని కోర్టును ఒప్పించలేకపోతే అతను గట్టున పడతాడు. కాబట్టి రాసినవారు, పంపించమన్నవారు, వారు ఎవరి తరఫున ఉద్యోగధర్మంగా ఆ పని చేశారో ఆ సంస్థ, అందరినీ మొదటి రోజే ప్రతివాదులుగా చూపడం మేలు.

నాలుగవ మెట్టు: ఆఫీసు ఫిర్యాదును దావాకు పనికివచ్చేలా రాయడం

గడువును ఆపదు కదా అని ఆఫీసు ఫిర్యాదు మానుకోవద్దు. తప్పు సవరించమని మీరు రాతపూర్వకంగా కోరిన తరువాత కూడా సంస్థ అదే ఆరోపణను కొనసాగిస్తే, దురుద్దేశాన్ని చూపడానికి ఆ ఫిర్యాదు కన్నా మంచి ఆధారం దొరకడం అరుదు. అందులో ఆరోపణ మాటలను యథాతథంగా, కొటేషన్లలో ఉదహరించండి. ఎవరు, ఏ రోజు, ఎవరెవరికి పంపారో రాయండి. అది ఎందుకు అబద్ధమో పత్రాలతో చూపండి. సవరణ మెయిల్‌ను అదే నలభై మందికి పంపమని, వెరిఫికేషన్ సంస్థకు సరైన వివరం తెలపమని కోరండి. జవాబుకు పదిహేను రోజులో, ఇరవై రోజులో గడువు పెట్టండి. కోపాన్ని మరో కాగితం మీద రాసుకుని చింపేయండి.

ఫిర్యాదు ఎవరికి పంపుతున్నారన్నది అంతకన్నా ముఖ్యం. చర్య తీసుకునే అధికారం ఉన్నవారికి సదుద్దేశంతో చేసిన ఫిర్యాదును ఎనిమిదవ మినహాయింపు కాపాడుతుంది. అదే ఫిర్యాదును బ్యాచ్‌మేట్ల వాట్సాప్ గ్రూపులోనూ, లింక్డ్‌ఇన్‌లోనూ పెడితే ఆ కవచం పలచబడుతుంది, అప్పుడు వాది కావలసిన మీరు ప్రతివాది కావచ్చు.

లైంగిక వేధింపు ఫిర్యాదులకు 2013 చట్టం కింద వేరే గడువులు ఉన్నాయి. సంఘటన, లేదా వరుస సంఘటనల్లో చివరిది, జరిగిన నాటి నుంచి మూడు నెలల్లోగా అంతర్గత కమిటీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. తగిన కారణం ఉంటే కమిటీ దానిని నమోదు చేసి మరో మూడు నెలలు పొడిగించవచ్చు. పదిమంది కన్నా తక్కువ పనిచేసే చోటైతే జిల్లాలోని స్థానిక కమిటీకి ఇవ్వాలి. విచారణ తొంభై రోజుల్లో ముగియాలి. ఫిర్యాదు, విచారణ వివరాలు, ఇరుపక్షాల పేర్లు బయటపెట్టడాన్ని 16వ సెక్షను నిషేధిస్తుంది, ఇది యజమానికీ, ఫిర్యాదిదారుకూ, ఆరోపణ ఎదుర్కొన్నవారికీ సమానంగా వర్తిస్తుంది. ఫిర్యాదును రుజువు చేయలేకపోయినంత మాత్రాన అది తప్పుడు ఫిర్యాదు కాదని కూడా ఆ చట్టం స్పష్టంగా చెబుతుంది. పరువునష్టం కేసు పెడతామన్న బెదిరింపుతో స్త్రీల నోరు మూయించడం మన ఆఫీసుల్లో కొత్త కాదు. మాజీ కేంద్రమంత్రి ఎం.జె. అక్బర్, తన మీద లైంగిక వేధింపు ఆరోపణ చేసిన పాత్రికేయురాలిపై పెట్టిన క్రిమినల్ పరువునష్టం కేసులో ఆమెను, అంటే ప్రియా రమణిని, 2021 ఫిబ్రవరి 17న విడుదల చేస్తూ ఢిల్లీ విచారణ న్యాయస్థానం, స్త్రీ తన గోడును తనకు నచ్చిన వేదికపై, దశాబ్దాల తరువాత కూడా చెప్పుకోవచ్చని అన్నది ఇందుకే గుర్తుంచుకోదగినది. అయితే అది విచారణ న్యాయస్థానం తీర్పు, దాని మీద అప్పీలు ఢిల్లీ హైకోర్టుకు చేరింది.

ఐదవ మెట్టు: ఆధారాలు

ఉద్యోగం పోయిన సాయంత్రమే ఆఫీసు మెయిల్ మూతపడుతుంది. కాబట్టి మీకు వచ్చిన, మీ గురించి ఉన్న మెయిల్‌ను తేదీ, సమయం, అందుకున్నవారి జాబితా కనిపించేలా భద్రపరచాలి. ఆ తొందరలో కంపెనీ గోప్య పత్రాలను మూటగట్టి సొంత మెయిల్‌కు పంపుకోవద్దు, అది మీ మీద కొత్త ఛార్జికి దారి తీస్తుంది. ఎలక్ట్రానిక్ ఆధారాలకు భారతీయ సాక్ష్య అధినియమ్, 2023లోని 63వ సెక్షను కింద ధ్రువపత్రం జతచేయాలి. దీని ఒక భాగాన్ని మీరూ, మరో భాగాన్ని నిపుణుడూ నింపాలి, ఫైలు హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే, డిజిటల్ వేలిముద్ర లాంటి సంఖ్య) కూడా రాయాలి. స్క్రీన్‌షాట్ ఉన్న ఫోనును అమ్మడం, ఫార్మాట్ చేయడం ఆ కేసు ముగిసేదాకా మానుకోండి.

వెరిఫికేషన్ వల్ల ఆఫర్ రద్దయితే కొత్త కంపెనీని కారణం రాతపూర్వకంగా అడగండి. ఫోనులో చెప్పినది సరిపోదు. నోటిమాట విషయంలో, విన్న సహోద్యోగి సాక్ష్యమే ప్రాణం. అతను ఇంకా అదే కంపెనీలో జీతం తీసుకుంటూ ఉంటాడు గనుక ఎంతవరకు నిలబడతాడో నిజాయితీగా అంచనా వేసుకోండి. ప్రభుత్వ కార్యాలయమైతే ఫైలు నోట్ కాపీల కోసం సమాచార హక్కు దరఖాస్తు పెట్టవచ్చు, కానీ ఆ జవాబు కోసం గడువు ఆగదు.

ఆరవ మెట్టు: నోటీసు, దావా

ప్రైవేటు యజమానికి లీగల్ నోటీసు పంపడం తప్పనిసరి కాదు, ఆనవాయితీ మాత్రమే. ఆఫీసు ఫిర్యాదుకు జవాబు రాకపోతే, లేదా వచ్చినా తప్పు సవరించకపోతే, నాలుగైదు నెలల్లోపే నోటీసు స్పీడ్ పోస్టులో పంపి, అందిన రుజువు దాచుకోండి. ఎనిమిదవ నెల నిండేలోపు దావా ముసాయిదా సిద్ధం కావాలన్నది నేను సూచించే హద్దు. చట్టంలో అలాంటి హద్దు లేదు, కానీ కోర్టు ఫీజు సమకూర్చుకోవడం, రిజిస్ట్రీ (కోర్టు కార్యాలయం) అభ్యంతరాలు తీర్చడం వంటివి తినే సమయం తక్కువేమీ కాదు.

సివిల్ ప్రొసీజర్ కోడ్ 19వ సెక్షను ప్రకారం, తప్పు జరిగిన చోటు ఒక కోర్టు పరిధిలో, ప్రతివాది ఉండే చోటు లేదా వ్యాపారం చేసే చోటు మరో కోర్టు పరిధిలో ఉంటే, వాది ఆ రెంటిలో దేనినైనా ఎంచుకోవచ్చు. ఆ సెక్షను కింద చట్టమే ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి, ఢిల్లీలో ఉండి కలకత్తాలో పరువునష్టం కలిగించే మాటలు ప్రచురించిన వ్యక్తి గురించే. బెంగళూరు ప్రధాన కార్యాలయం నుంచి వచ్చిన మెయిల్‌ను విశాఖపట్నం శాఖలోని ఉద్యోగులు చదివితే విశాఖలో దావాకు వాదన ఉంటుంది. కోర్టు ఫీజు అడిగిన పరిహారాన్ని బట్టి పెరుగుతుంది, కాబట్టి ఆవేశంలో కోట్లు రాయకుండా, పోయిన ఆఫర్ జీతం, ఖాళీగా గడిపిన నెలలు, మానసిక క్షోభ అన్నవాటికి కారణం చూపగల మొత్తాన్నే అడగండి. ఫీజు కట్టలేనివారు నిరుపేద వాదిగా అనుమతి కోరితే, ఆ దరఖాస్తు పెట్టిన రోజే దావా వేసినట్టు లెక్క. మహిళలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు, పారిశ్రామిక కార్మికులు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు, దానికి 15100 నంబరుకు ఫోను చేయవచ్చు.

దావా పత్రంలో పరువు తీసిన మాటలు ఉన్నవి ఉన్నట్టుగా ఉండాలి. ‘నా గురించి చెడుగా మాట్లాడారు’ అన్న సారాంశం చాలదు. మాట తెలుగులో అన్నదైతే తెలుగులోనే రాసి, అవసరమైతే కింద అనువాదం ఇవ్వాలి. పరిహారంతో పాటు మళ్లీ ఆ మాట ప్రచారం చేయకుండా నిషేధ ఉత్తర్వును కూడా కోరవచ్చు.

ఏడవ మెట్టు: క్రిమినల్ దారి

2024 జులై 1 నుంచి జరిగినవాటికి భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షను, అంతకు ముందువాటికి ఐపీసీ 499, 500 సెక్షన్లు వర్తిస్తాయి. గరిష్ఠ శిక్ష రెండేళ్ల సాధారణ ఖైదు, లేదా జరిమానా, లేదా రెండూ. కొత్త చట్టంలో సమాజసేవ కూడా చేరింది. శిక్ష ఏడాదికి మించి మూడేళ్ల లోపు ఉన్న నేరం గనుక భారతీయ నాగరిక సురక్షా సంహిత 514వ సెక్షను ప్రకారం గడువు మూడేళ్లు, ఆలస్యానికి సరైన వివరణ ఉంటే 519వ సెక్షను కింద కోర్టు మన్నించగలదు. ఫిర్యాదు దాఖలు చేసిన రోజునే లెక్కలోకి తీసుకోవాలని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2013లో శారా మాథ్యూ కేసులో తేల్చింది.

ఇది పోలీసులు తమంతట తాము ఎఫ్‌ఐఆర్ కట్టే నేరం కాదు. నాగరిక సురక్షా సంహిత 222వ సెక్షను ప్రకారం బాధితుడే మేజిస్ట్రేటు ముందు ఫిర్యాదు చేయాలి, 223వ సెక్షను ప్రకారం నిందితుడికి తన మాట చెప్పుకునే అవకాశం ఇచ్చాకే న్యాయస్థానం కేసును స్వీకరిస్తుంది. సివిల్, క్రిమినల్ దారులు రెండింటినీ ఒకేసారి నడపవచ్చు. అయితే క్రిమినల్ కేసులో డైరెక్టర్ల పేర్లన్నీ వరసగా రాయడం వల్ల ఉపయోగం లేదు, ఆ మాట రాయడంలో ఎవరి పాత్ర ఏమిటో చూపలేకపోతే వారి మీద కేసు నిలవదు.

విదేశాల్లో ఉద్యోగం చేసే తెలుగువారికి అక్కడి చట్టమే వర్తిస్తుంది, కానీ కొన్నిచోట్ల గడువు మాత్రం ఇంతే ఉంటుంది. ఇంగ్లండ్‌లో, అమెరికాలోని టెక్సాస్, కాలిఫోర్నియా, న్యూజెర్సీల్లో కూడా పరువునష్టం దావాకు ఒక్క సంవత్సరమే.

సంవత్సరం ఇప్పటికే దాటిపోయి ఉంటే

ముందు ప్రచురణ తేదీలను మళ్లీ సరిచూడండి. ఏడాదిలోపు కంపెనీ మరో వెరిఫికేషన్ సంస్థకు అదే జవాబు పంపి ఉంటే ఆ ఒక్కదాని మీద దావా ఇంకా సజీవంగానే ఉంటుంది. స్నేహితుడి చేత కొత్త కంపెనీ హెచ్‌ఆర్‌లా ఫోను చేయించి పాత మేనేజరుతో చెడు మాట అనిపించే ఉపాయం కొందరు చెబుతారు. మీరే అడిగించుకున్న మాటకు మీరు అంగీకరించారన్న వాదన వెంటనే వస్తుంది గనుక దాని జోలికి వెళ్లవద్దు. మూడేళ్లు దాటకపోతే క్రిమినల్ ఫిర్యాదుకు వీలుంటుంది. ఉద్యోగం నుంచి తీసివేయడమే అసలు గొడవైతే కార్మిక చట్టాల కింద దానికి వేరే దారి, వేరే గడువు ఉన్నాయి, న్యాయవాదిని కలిసిన మొదటి రోజే ఆ రెండు తేదీలనూ పక్కపక్కన రాయించుకోండి.